పాటలు అంత ఇష్టమైతే కుక్కర్ విజిల్‌కి చెవులెందుకు మూసుకుంటారు? ఆటిజం, శబ్దం, సంగీతం

“హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గంటలకొద్దీ పాటలు వింటావు, మిక్సీ వేస్తే మాత్రం చెవులు మూసుకుంటావేంటి?” ఆటిజం ఉన్న పిల్లలకూ పెద్దలకూ మన ఇళ్లలో బాగా అలవాటైన ప్రశ్న ఇది. అడిగేవారికి చెడ్డ ఉద్దేశం ఉండకపోవచ్చు కానీ, అందులో ఒక అనుమానం మాత్రం ఉంటుంది: నిజంగా బాధేనా, లేక గారాబమా అని. వినాయక చవితో పెళ్లిళ్ల సీజనో వచ్చిందంటే ఆ అనుమానం చుట్టాలకూ పాకుతుంది. డీజే బండి పక్కన ఒక్క నిమిషం నిలబడలేక ఏడ్చిన పిల్లాడు, ఇంటికొచ్చాక అదే పాటను ఫుల్ సౌండ్‌లో పెట్టుకుని ఊగుతూ కనిపిస్తాడు మరి.

శబ్దాన్ని ‘ఎంత గట్టిగా ఉంది’ అన్న ఒక్క కొలతతోనే చూస్తే ఇది వింతగానే ఉంటుంది. చెవిని, మెదడును ఇబ్బంది పెట్టేవి ఇంకా చాలా ఉన్నాయి. శబ్దం ఎప్పుడొస్తుందో ముందే తెలుసా, ఆపే మీట ఎవరి చేతిలో ఉంది, దానికి ఒక క్రమం ఉందా, అప్పటికే ఆ రోజు ఎంత మోత భరించారు అన్నవి లెక్కలోకి తీసుకుంటే ఆ పిల్లాడి ప్రవర్తనలో తేడా ఏమీ కనిపించదు.

1943లోనే కనిపించిన సంగతి

అమెరికాలో పనిచేసిన పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ 1943లో 11 మంది పిల్లల గురించి ఒక పత్రం రాశారు. ఆటిజం గురించిన ఆధునిక అవగాహన చాలావరకు అక్కడినుంచే మొదలైంది. ఆ పిల్లల్లో కొందరికి వాక్యూమ్ క్లీనర్ అంటే వణుకు. లిఫ్టు, కోడిగుడ్లు గిలకొట్టే యంత్రం, కుళాయిలో నీళ్లు పారే చప్పుడు, ఒక్కోసారి గాలి హోరు కూడా వాళ్లను హడలగొట్టేవి. అదే పత్రంలో, ఏడాది వయసుకే చాలా పాటల వరుసలను తప్పు లేకుండా పాడిన బాబు ఉన్నాడు. ఏడాదిన్నరకే 18 సింఫనీలను విడివిడిగా గుర్తుపట్టి, మొదటి భాగం మొదలవగానే అది ఎవరు కట్టిందో చెప్పిన ఇంకో బాబు కూడా ఉన్నాడు.

కానర్ ఇంకో మాట కూడా రాశారు, ఎనభై ఏళ్ల తర్వాత చదివినా పదునుగానే ఉంటుంది. పిల్లవాడు భయపడేది మోతకు కాదని, తన ఏకాంతంలోకి చొరబడే మోతకని. ఎందుకంటే తాను హడలిపోయేంత పెద్ద చప్పుడును తానే చేస్తున్నప్పుడు ఆ పిల్లవాడు హాయిగా ఉంటాడు.

ఇంత స్పష్టంగా కనిపించినది కూడా ఆటిజం నిర్ధారణ ప్రమాణాల్లోకి చేరడానికి చాలాకాలం పట్టింది. మానసిక సమస్యల నిర్ధారణకు వైద్యులు వాడే పుస్తకం డీఎస్ఎం-5. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన ఈ పుస్తకంలో ఇంద్రియ స్పందనల తేడాను నాలుగు ‘పరిమిత, పునరావృత’ ప్రవర్తన లక్షణాల్లో ఒకటిగా చేర్చారు. ఆ వాక్యంలో మూడు సంగతులున్నాయి: అతిగా స్పందించడం, తక్కువగా స్పందించడం, ఇంద్రియానుభవాల మీద మామూలు కంటే ఎక్కువ ఆసక్తి. ఒకే మనిషిలో ఈ మూడూ ఉండొచ్చు. పేరు పెట్టి పిలిస్తే పలకని పాప, మూడో గదిలో చాక్లెట్ కాగితం విప్పిన చప్పుడుకు పరుగెత్తుకు రావచ్చు. అందుకే ‘వినపడట్లేదేమో’ అని చెవి పరీక్షకు తీసుకెళ్లిన తల్లిదండ్రులకు తరచూ వినికిడి మామూలుగానే ఉందన్న రిపోర్టు వస్తుంది.

అలాగని ఆటిజం ఉన్న అందరికీ ఈ ఇబ్బంది ఉంటుందనుకోకూడదు. జాకరీ విలియమ్స్ అనే పరిశోధకుడి బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కగట్టి 2021లో ప్రచురించిన అంచనా ప్రకారం, ఏ సమయంలోనైనా దాదాపు 41 శాతం మందికి, జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు దాదాపు 60 శాతం మందికి శబ్దాన్ని తట్టుకోలేని స్థితి ఉంటుంది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న తేడా కూడా గమనించదగ్గదే. కొందరిలో వయసుతోపాటు ఇది తగ్గుతుంది, లేదా వాళ్లు దాన్ని నెగ్గుకొచ్చే దారులు వెతుక్కుంటారు.

‘సౌండ్ పడదు’ అన్న మాట కింద నాలుగు వేర్వేరు ఇబ్బందులు

మనం ‘సౌండ్ పడదు’ అని ఒక్క మాటలో తేల్చేదాన్ని వైద్యులు విడదీసి చూస్తారు.

మొదటిది హైపరాక్యూసిస్. ఇతరులకు మామూలుగా అనిపించే స్థాయి శబ్దమే భరించలేనంత పెద్దగా, కొందరికి శారీరకంగా నొప్పిగా అనిపించడం. స్టీలు ప్లేటు గచ్చు మీద పడితే చెవిలో సూది దిగినట్టు ఉంటుందని చెప్పేవాళ్లది ఈ కోవ.

రెండోది మిసోఫోనియా. ఈ పేరును 2001లో మార్గరెట్, పావెల్ జాస్ట్రెబాఫ్ దంపతులు వాడుకలోకి తెచ్చారు. ఇక్కడ శబ్దం పెద్దదై ఉండక్కర్లేదు. పక్కనున్నవాళ్లు చప్పరిస్తూ తినడం, ముక్కు ఎగబీల్చడం, పెన్ను టిక్కుటిక్కుమనిపించడం లాంటి ప్రత్యేకమైన చప్పుళ్లు వినగానే కోపం, వెగటు తన్నుకొస్తాయి. ఆటిజం లేనివారిలోనూ ఇది బాగానే కనిపిస్తుంది.

మూడోది ఫోనోఫోబియా, అంటే శబ్దం గురించిన భయం. శబ్దం ఇంకా రాకముందే మొదలవుతుంది. బెలూన్లు కట్టిన పుట్టినరోజు గదిలోకి అడుగు పెట్టని పిల్లాడికి అక్కడ ఒక్క బెలూనైనా పేలి ఉండక్కర్లేదు.

నాలుగోదానికి ఇంత స్థిరమైన పేరు లేదు. రొదలో మాటను ఏరుకోలేకపోవడం అది. ఫ్యాను, టీవీ, పక్కగదిలో ఫోను, ఎదురుగా మాట్లాడుతున్న మనిషి, అన్నీ ఒకే వరుసలో నిలబడి ఒకేసారి వినిపిస్తాయి. నొప్పి ఉండదు, అలసట మాత్రం విపరీతం. హోటల్లో నలుగురు మాట్లాడుకుంటుంటే మౌనంగా కూర్చుని, ఇంటికొచ్చాక మంచం దిగని మనిషిని చూసి ‘మనుషులంటే పడదు’ అనేస్తారు. చాలాసార్లు కారణం ఇదే.

ఒకే మనిషిలో ఇవి కలగలిసి ఉండటం మామూలే. అయినా తేడా తెలియాలి. మిక్సీ మోతకు పనికొచ్చే ఉపాయం అప్పడం నమిలే చప్పుడుకు పనికిరాదు.

డెసిబెల్ చెప్పేదెంత, చెప్పనిదెంత

శబ్దాన్ని కొలిచే డెసిబెల్ లెక్క కూడికలా ఉండదు. 10 డెసిబెల్స్ పెరిగితే శబ్ద తీవ్రత 10 రెట్లు అవుతుంది, చెవికి మాత్రం సుమారు రెట్టింపు గట్టిగా అనిపిస్తుంది. మామూలు సంభాషణ 60 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. ఒక హాల్లో స్పీకర్లు 90 డెసిబెల్స్ కొడుతున్నాయనుకుందాం. తీవ్రత 1,000 రెట్లు. చెవికి అనిపించేది దాదాపు 8 రెట్లు. దూరం లెక్క కూడా ఉంది. ఆరుబయట స్పీకరుకు ఒక మీటరు దూరంలో 100 ఉంటే, 2 మీటర్ల దగ్గర 94, 4 దగ్గర 88, 8 దగ్గర 82. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 తగ్గుతుంది. నాలుగు గోడల మధ్య ఇంత మేలు జరగదు, గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి. గచ్చు నేల, అద్దాల గోడలు, రేకుల కప్పు ఉన్న ఫంక్షన్ హాల్లో ఆఖరి వరుసకు వెళ్లినా పెద్దగా తగ్గినట్టు అనిపించకపోవడానికి కారణం ఇదే.

ఇంతవరకు డెసిబెల్ పనికొస్తుంది. కానీ 75 డెసిబెల్స్ వర్షం చప్పుడూ, 75 డెసిబెల్స్ కుర్చీ ఈడ్చిన కీచూ మీటరు మీద ఒకే అంకె. మీటరుకు ఆకస్మికత తెలియదు. స్వరం తెలియదు. ఈ రొద అంతా ఎప్పుడు ఆగుతుందో తెలియని మనిషి గుండెదడ అసలే తెలియదు.

తేడా ఎక్కడుంది: చెవిలోనా, మెదడులోనా

ఇక్కడ పరిశోధకులది ఒకే మాట కాదు.

ఒక వాదం అలవాటుపడటం చుట్టూ తిరుగుతుంది. ఫ్యాను వేసిన కాసేపటికి దాని చప్పుడు చాలామందికి వినిపించడం మానేస్తుంది, మెదడు దాన్ని పక్కన పెట్టేస్తుంది కాబట్టి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ క్యాంపస్‌లో షూలమిత్ గ్రీన్ బృందం, ఆటిజం ఉన్న పిల్లలకు, లేని పిల్లలకు కాస్త చిరాకు పెట్టే శబ్దాన్నీ స్పర్శనూ మళ్లీ మళ్లీ ఇచ్చి మెదడు స్కాన్లు తీసింది. 2015లో వచ్చిన ఫలితాల ప్రకారం, ఇంద్రియ సున్నితత్వం ఎక్కువున్న ఆటిస్టిక్ పిల్లల్లో అమిగ్డలా అనే భాగం స్పందన మిగతావారిలో తగ్గినంతగా తగ్గలేదు. ప్రమాదాన్ని పసిగట్టడం అమిగ్డలా పనుల్లో ఒకటి. గేటు చప్పుడైన ప్రతిసారీ యజమానిని నిద్రలేపే కాపలాదారు లాంటి పరిస్థితి అన్నమాట. వచ్చింది పాలవాడేనని నూరుసార్లు తేలినా నూట ఒకటోసారీ లేపుతాడు.

రెండో వాదం ముందస్తు అంచనా గురించి. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన పవన్ సిన్హా, ఆయన సహచరులు 2014లో దీన్ని ప్రతిపాదించారు. మెదడు నిరంతరం తర్వాత ఏం జరగబోతోందో ఊహిస్తూ ఉంటుంది, ఊహ నిజమైతే ఆ సమాచారాన్ని తేలిగ్గా వదిలేస్తుంది. ఆటిజంలో ఈ ఊహించడం భిన్నంగా సాగితే, లోకం ఎప్పుడూ హఠాత్తుగా వచ్చి మీద పడుతున్నట్టే ఉంటుంది. సంగీతం దగ్గరికి వచ్చేసరికి ఈ వాదం ఆకర్షణీయంగా కనిపిస్తుంది, ఎందుకో కింద చూద్దాం. కానీ ఆధారాలు కలగాపులగంగా ఉన్నాయి. లయ పట్టుకోవడం, తాళానికి తగ్గట్టు చెయ్యి కదపడం లాంటి పరీక్షల్లో ఆటిస్టిక్ వ్యక్తులు చాలామంది ఇతరులకు తీసిపోరు. అంచనా వేయగల శక్తి అంత దెబ్బతింటే ఇది ఎలా సాధ్యమన్న ప్రశ్న అలాగే ఉంది.

మూడో వాదం నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా తోస్తుంది. దీని ప్రకారం సమస్య లోటు వల్ల వచ్చింది కాదు, ఆటిస్టిక్ వ్యక్తులు ఒకేసారి ఎక్కువ శబ్దాలను లోపలికి తీసుకుంటారు. లండన్‌లో అన్నా రెమింగ్టన్, జేక్ ఫెయిర్నీ 2017లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి ఇలా సాగింది. ఒక పార్టీలో జనం మాట్లాడుకుంటున్న రికార్డింగ్ వినిపించి, ఒక సంభాషణ మీదే దృష్టి పెట్టమన్నారు. మధ్యలో ఒక గొంతు, సందర్భం లేకుండా, తాను గొరిల్లానని అంటూ వెళ్తుంది. ఆటిజం లేనివారిలో 12 శాతం మందే దాన్ని గమనించారు. ఆటిస్టిక్ వ్యక్తుల్లో 47 శాతం మంది గమనించారు. పాటలో వెనకెక్కడో దాక్కున్న వీణ మీటును పట్టుకునే చెవికీ, క్లాసులో ట్యూబ్‌లైటు గుయ్యిమనే చప్పుడును వదలలేని చెవికీ మూలం ఒకటే అని ఈ వాదం చెబుతుంది.

ఈ మూడూ ఒకదాన్నొకటి కొట్టేసుకునేవి కావు. ఒక మనిషికి ఒకటి ఎక్కువ వర్తించవచ్చు, మరో మనిషికి మరొకటి.

మోత కూడా సంగీతమైతే ఎందుకు ఓర్చుకోగలరు

కర్ణాటక సంగీతంలో ఒక కృతిని తీసుకోండి. తంబూరా షడ్జమ పంచమాలు ముందునుంచీ మోగుతూనే ఉంటాయి. పల్లవి వస్తుంది, సంగతులు (అదే పాదాన్ని మార్చి మార్చి పాడే తీరులు) ఒక్కొక్కటిగా పెరుగుతాయి. అనుపల్లవి, చరణం, మళ్లీ పల్లవి. ఆది తాళమైతే 8 అక్షరాలకు ఒకసారి చక్రం తిరిగి మొదటికొస్తుంది. కొత్తదనం లేదని కాదు, ఉంది. కానీ అది ఒక చట్రం లోపల వస్తుంది. రికార్డింగ్ అయితే ఆ కొత్తదనం కూడా ప్రతిసారీ అదే చోట వస్తుంది. ఒకే పాటను రోజంతా తిప్పి తిప్పి వినే ఆటిస్టిక్ కుర్రాడికి రెండో చరణం ముందు డోలక్ ఎక్కడ దూకుతుందో ముందే తెలుసు. అది రాగానే కలిగే ఆనందంలో ‘నేను అనుకున్నట్టే వచ్చింది’ అన్న తృప్తి కూడా ఉంటుంది. ఊగడం, చేతులు ఆడించడం లాంటి స్టిమ్మింగ్ అప్పుడు ఎక్కువగా కనిపిస్తుంది. చూసేవాళ్లు కంగారు పడతారు గానీ, తల ఊపుతూ తొడ మీద తాళం వేసే పెద్దాయన చేస్తున్నదీ దానికి దూరం కాదు.

నియంత్రణ సంగతి ఇంకా పెద్దది. మిక్సీ ఎప్పుడు మొదలవుతుందో వంటగదిలో ఉన్నవాళ్ల చేతిలో ఉంటుంది. పాట ఆపే మీట వినేవాళ్ల వేలి కింద ఉంటుంది. అందుకే చాలామంది సంగీతాన్ని కవచంగా కూడా వాడతారు. బస్సులో ఇరవై రకాల ఊహించని చప్పుళ్లను తెలిసిన ఒక్క పాట కప్పేస్తుంది. బయటివాళ్లకు అది ‘సౌండ్ మీద సౌండ్’. లోపలున్నవాళ్లకు లెక్క తగ్గినట్టు.

మన పెళ్లిలో దీనికి మంచి ఉదాహరణ ఉంది. సన్నాయి, డోలు గంటసేపు నెమ్మదిగా సాగుతాయి. ముహూర్తం సమయానికి ఎవరో “భజంత్రీలు! భజంత్రీలు!” అని కేకేస్తారు, పురోహితుడు చెయ్యి ఊపుతాడు, ఒక్కసారిగా గట్టిమేళం పేలుతుంది. శబ్దాన్ని తట్టుకోలేని పిల్లకు పెళ్లి మొత్తంలో అత్యంత కష్టమైన క్షణం ఇదే కావచ్చు. అయితే ఈ మోతకు ముందు ఒక సంకేతం ఉంది. ఎందుకు మోగిస్తారో కారణం ఉంది, తలంబ్రాల వేళకు తగ్గుతుందన్న హామీ ఉంది. ముందే చెప్పి ఉంచితే, పురోహితుడి చేతినే చూస్తూ చెవులు మూసుకుని నిలబడి, మేళం మొదలవగానే నవ్వే పిల్లలు ఉంటారు. అదే హాలు బయట బారాత్‌లో డీజే ఎప్పుడు పాట మారుస్తాడో, ఎవరు ఎక్కడ టపాసు అంటిస్తారో ఎవరికీ తెలియదు. రెండూ మోతే. రెండింటి బరువు ఒకటి కాదు.

లండన్ గోల్డ్‌స్మిత్స్ కాలేజీలో రోరీ ఆలెన్, ఎలిజబెత్ హిల్, పమేలా హీటన్ ఆటిజం ఉన్న పెద్దవాళ్లతో మాట్లాడి 2009లో రాసిన పత్రం ఇంకో అపోహను తీసేసింది. సంగీతాన్ని వాళ్లు వాడుకునే కారణాలు అందరిలాంటివే: మనసు కుదుటపరచుకోవడానికి, నలుగురిలో కలవడానికి. తేడా వర్ణనలో కనిపించింది. దిగులు, ప్రేమ లాంటి భావాల పేర్లకంటే ఉత్సాహం, నెమ్మది లాంటి ఒంటి స్థితుల మాటల్లో వాళ్లు ఎక్కువగా చెప్పారు.

సంగీతమే ఇబ్బందైనప్పుడు

ఇష్టమైన సంగీతం కూడా ఎప్పుడూ క్షేమం కాదు. ప్రత్యక్ష కచేరీ రికార్డింగ్‌లా ఉండదు. మైకు కీచుమంటుంది. సౌండ్ చెక్ అంటూ హఠాత్తుగా డప్పున ఒక దెబ్బ. పక్క సీటాయన పాటతోపాటు తానూ పాడతాడు, శ్రుతి లేకుండా. చప్పట్లు ఎక్కడ కొట్టాలో జనానికి తెలిసినా, ఎంతసేపు కొడతారో ఎవరికీ తెలియదు. సినిమా హాల్లో మొదటిరోజు ఆట సంగతి చెప్పక్కర్లేదు.

ఇంకో చిత్రమైన చిక్కు ఉంది. ఏ ఆధారమూ లేకుండా స్వరం స్థాయిని గుర్తుపట్టే శక్తి మామూలు జనంలో చాలా అరుదు, ఆటిస్టిక్ వ్యక్తుల్లో అంతకంటే ఎక్కువగా కనిపిస్తుంది. హీటన్ 1990ల చివరినుంచే దీనిమీద పనిచేశారు. పాశ్చాత్య సంగీతంలో ఒక రచన సాధారణంగా ఒకే స్థాయిలో ఉంటుంది. మనకు అలా కాదు. ఒకటి శ్రుతిలో పాడే గాయకుడు, ఐదున్నర శ్రుతిలో పాడే గాయని ఒకే కృతిని రెండు వేర్వేరు ఎత్తుల్లో పాడతారు, మనమేమో రెండూ ఒకటే అంటాం. స్వరాన్ని స్థిరమైన ఎత్తుతో గుర్తుపెట్టుకునే చెవికి అవి రెండు వేరే వస్తువుల్లా తోచవచ్చు. కాస్త జారిన శ్రుతి పెట్టె ఆ చెవికి మిక్సీ కంటే హింస కావచ్చు.

దీన్ని పట్టుకుని ‘వీళ్లంతా మేధావులు’ అనేయడం ఇంకో రకం అన్యాయం. ఆటిజం ఉండి సంగీతం పెద్దగా పట్టనివాళ్లు ఉన్నారు. ఇష్టం ఉండి, అందరిలాగే అపస్వరాలు పాడేవాళ్లూ ఉన్నారు.

అదే కచేరీ, రెండు రోజులు: ఒక ఊహాత్మక ఉదాహరణ

విజయవాడలో ఉద్యోగం చేసే ఇరవై ఆరేళ్ల ఆటిస్టిక్ అమ్మాయిని ఊహించుకుందాం. పాత పాటలంటే ప్రాణం. మంగళవారం సాయంత్రం ఒక పాటకచేరీ. పొద్దున్న పక్కింట్లో డ్రిల్లింగ్‌తో మెలకువ వచ్చింది. బెంజ్ సర్కిల్ దగ్గర ఇరవై నిమిషాలు హారన్లు. ఆఫీసులో ఏసీ పాడై కిటికీలు తెరిచారు, మధ్యాహ్నం ఎవరిదో పుట్టినరోజని కేకు, చప్పట్లు, పేపర్ బాంబు. సాయంత్రం ఆరున్నరకు కచేరీ. రెండో పాటకే కళ్లలో నీళ్లు, చేతులు వణుకు, బయటికి వచ్చేసింది. లోపల మోగుతున్నది తనకు ఎంతో ఇష్టమైన పాట.

అదే బృందం ఆదివారం మళ్లీ పాడింది. అదే హాలు, అదే సౌండ్. ఆరోజు పొద్దుట్నుంచీ ఇంట్లో నిశ్శబ్దంగా ఉంది. చివరిదాకా కూర్చుని, ఆఖరి పాటకు లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

రెండు సాయంత్రాలూ చూసిన సహోద్యోగికి మంగళవారంది నాటకంలా కనిపించే ప్రమాదం ఉంది. నిజానికి ఆరోజు ఓపిక హాలుకు చేరకముందే అయిపోయింది. ఇలా పేరుకుపోయిన భారాన్నే సెన్సరీ ఓవర్‌లోడ్ అంటారు. అది ఏడుపుగానో అరుపుగానో బయటపడితే మెల్ట్‌డౌన్, మాట పడిపోయి ముడుచుకుపోతే షట్‌డౌన్. నిద్ర, ఆకలి, ఎండ, గరుకు చొక్కా కాలరు కూడా ఈ ఖాతాలోకే జమ అవుతాయి.

చెవులకు రక్షణా, అలవాటు చేయడమా

తల్లిదండ్రులను అన్నిటికంటే తికమక పెట్టే వివాదం ఇది. రెండు పక్షాలకూ బలమైన మాటలున్నాయి.

ఆడియాలజిస్టులు, అంటే వినికిడి నిపుణులు, చాలామంది ఇయర్‌ప్లగ్‌లు అతిగా వాడొద్దంటారు. దానికి వాళ్లు చూపే ఆధారాల్లో ఒకటి, అమెరికాలో క్రెయిగ్ ఫోర్మ్‌బీ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగం. మామూలు వినికిడి ఉన్న వాలంటీర్లు రెండు వారాలు ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకుంటే, తీశాక వాళ్లకు శబ్దాలు మునుపటికంటే గట్టిగా అనిపించాయి. సన్నని రొదను నిరంతరం వినిపించినప్పుడు దీనికి వ్యతిరేకంగా జరిగింది. లోపలికి వచ్చేది తగ్గితే మెదడు తన వాల్యూమ్ తానే పెంచుకుంటుందని దీన్ని అర్థం చేసుకుంటారు.

ఆటిస్టిక్ పెద్దలు చెప్పేది మరొకటి. ‘అలవాటు పడతాడులే’ అని మోతలోకి నెట్టినప్పుడు తాము అలవాటు పడలేదని, బాధను పైకి చూపించకుండా దాచుకోవడం మాత్రం నేర్చుకున్నామని చాలామంది అంటారు. చెవులను పైనుంచి కప్పే మఫ్‌లు ఉంటేనే బజారుకు, గుడికి, కచేరీకి వెళ్లగలిగిన మనిషికి వాటిని తీసేయమంటే, ఆ మనిషి ఇంట్లో ఉండిపోతాడు తప్ప మోతకు అలవాటుపడడు.

జాగ్రత్తగా చూస్తే ఇద్దరూ వేర్వేరు సంగతులు మాట్లాడుతున్నారు. ఫోర్మ్‌బీ ప్రయోగం రెండు వారాలపాటు పెట్టుకోవడం గురించి. అందులో పాల్గొన్నది శబ్ద సున్నితత్వం ఉన్నవాళ్లు కూడా కాదు. పెళ్లిలో గంటసేపు చెవులు కప్పుకోవడానికి దాన్ని యథాతథంగా అన్వయించలేం. మరోవైపు, రోజంతా నిశ్శబ్దమైన గదిలో కూడా మఫ్‌లు తీయని పిల్లాడి విషయంలో ఆడియాలజిస్టు హెచ్చరికకు అర్థముంది. మోతను కొద్దికొద్దిగా, వినేవాళ్ల చేతిలోనే వాల్యూమ్ పెట్టి పరిచయం చేసే పద్ధతులు కూడా ఉన్నాయి. వాటికీ బలవంతంగా మోతలోకి తోయడానికీ ఉన్న తేడా ఆ మీట ఎవరి దగ్గరుందన్నదే.

సాధనాల తేడా కూడా సంగీతప్రియులకు ముఖ్యం. మామూలు ఫోమ్ ప్లగ్‌లు పై స్థాయి స్వరాలను ఎక్కువగా, కింది స్థాయివాటిని తక్కువగా కోసేస్తాయి. అందుకే వాటితో పాట దుప్పటి కప్పినట్టు మొద్దుగా వినిపిస్తుంది. సంగీతకారుల కోసం చేసే ఫిల్టర్ ప్లగ్‌లు అన్ని స్థాయిలనూ ఇంచుమించు సమానంగా తగ్గించడానికి ప్రయత్నిస్తాయి, పాట పాటలాగే ఉండి కాస్త దూరం జరుగుతుంది. నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ ఇంజను, ఏసీ, ఫ్యాను లాంటి నిలకడైన కింది స్థాయి రొదను బాగా మింగుతాయి. హఠాత్తుగా వచ్చే విజిల్, పిల్లల కేక వాటికి అంత లొంగవు. వేలకు వేలు పోసి కొన్నా కుక్కర్ వినిపిస్తోందని నిరాశపడేవాళ్లకు కారణం యంత్రం లోపం కాకపోవచ్చు.

పాటను మందుగా అమ్మేటప్పుడు

పాట నచ్చుతుందంటే పాటతోనే నయం చేయొచ్చన్న ఆశ సహజం. దాని చుట్టూ వ్యాపారమూ పెరిగింది. ఆడిటరీ ఇంటిగ్రేషన్ ట్రైనింగ్ అనే పద్ధతిని ఫ్రాన్స్‌కు చెందిన ఈఎన్‌టీ వైద్యుడు గీ బెరార్ రూపొందించారు. కొన్ని స్వర స్థాయిలను వడపోసిన సంగీతాన్ని అరగంట చొప్పున 20 విడతలు, సుమారు 10 రోజులపాటు హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తారు. వైద్య ఆధారాలను వడగట్టి చూసే కాక్రేన్ సంస్థ 2011లో దీన్ని సమీక్షించి, పనిచేస్తుందనడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. ఇప్పటికీ రకరకాల పేర్లతో దీన్ని అమ్ముతున్నారు.

మ్యూజిక్ థెరపీ అలాంటిది కాదు, శిక్షణ పొందిన థెరపిస్టు పిల్లవాడితో కలిసి అప్పటికప్పుడు వాయిస్తూ పాడుతూ సాగే పని. ఇక్కడ ఫలితాలు ఇంకా చర్చలో ఉన్నాయి. 9 దేశాల్లో 364 మంది పిల్లలతో చేసిన పెద్ద ప్రయోగం 2017లో, ఆటిజం సామాజిక లక్షణాల తీవ్రత విషయంలో మామూలు సేవలకూ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదని చెప్పింది. 2022లో కాక్రేన్ 26 అధ్యయనాలను కలిపి చూసి, మొత్తమ్మీద మెరుగుపడే అవకాశం పెరుగుతుందని అంది. కొలిచేది మారితే జవాబూ మారుతోంది. అయితే ఈ రెండిట్లోనూ ప్రధానంగా కొలిచింది శబ్ద సున్నితత్వాన్ని కాదు. కాబట్టి ‘సంగీతం క్లాసులో చేర్పిస్తే సౌండ్ భయం పోతుంది’ అన్నమాటకు వీటిలో ఆధారం వెతకడం అనవసరం. పిల్లకు పాడటం ఇష్టమైతే క్లాసుకు పంపడానికి ఆ కారణం చాలు.

చట్టం ఎంతవరకు, హాలు ఎంతవరకు

2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. సాంస్కృతిక కార్యక్రమాలు, వినోదం అందరితోపాటు అందేలా చూడాలని అదే చట్టం చెబుతుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ఏడాదిలో 15 రోజులకు మించకుండా పండగలకు రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి వరకు సడలించవచ్చు. మన వీధుల్లో ఈ అంకెలు ఎంత అమలవుతాయో చదివేవారికి తెలుసు. అమలైనా, ఇవి సగటు చెవిని దృష్టిలో పెట్టుకుని వేసిన హద్దులు. సంకేతం లేకుండా పేలే ఒక్క లక్ష్మీ బాంబుకు గంటసేపటి సగటు లెక్క వర్తించదు.

హాళ్ల విషయంలో కొన్ని దేశాలు ‘రిలాక్స్‌డ్ పెర్ఫార్మెన్స్’ అనే పద్ధతిని తెచ్చాయి. న్యూయార్క్ బ్రాడ్‌వేలో 2011లో ఒక పేరున్న సంగీత నాటకాన్ని ఆటిజం ఉన్నవారి కుటుంబాల కోసం ఇలా ఆడారు. కథ మారదు, పాటలు మారవు. హఠాత్తుగా వచ్చే మోతలను, కళ్లు జిగేలుమనే దీపాలను తగ్గిస్తారు. ఏ ఘట్టంలో ఏం మోగుతుందో ముందే రాసిస్తారు. మధ్యలో లేచి వెళ్లినా, ఊగినా, మాట్లాడినా ఎవరూ తిరిగి చూడరు. కూర్చోవడానికి వేరే నిశ్శబ్దమైన చోటు ఉంటుంది. వేరే ఆట ఎందుకు, మామూలు ఆటలోనే చోటివ్వాలని వాదించే ఆటిస్టిక్ వ్యక్తులూ ఉన్నారు. విడిగా పిలవడం అంటే విడిగా ఉంచడమేనని వాళ్ల అభ్యంతరం.

మన కచేరీ సభల్లో ఇందులో కొంత ఎప్పటినుంచో ఉంది. తని ఆవర్తనం (మృదంగం విడిగా వాయించే భాగం) మొదలవగానే కాఫీకి లేచే శ్రోతల మీద మృదంగ విద్వాంసులు విసుక్కుంటూనే ఉన్నారు, శ్రోతలు లేస్తూనే ఉన్నారు. తలుపు దగ్గర కుర్చీ అడిగితే దొరుకుతుంది. పాటల వరుస ముందే కాగితం మీద ఇవ్వడం, జనం రాకముందే మైకులు సరిచూసుకోవడం ఖర్చుతో కూడిన పనులు కావు. కష్టమల్లా వాల్యూమ్ దగ్గరే. వేదిక మీద మృదంగం తనకు సరిగ్గా వినపడటం లేదని గాయకుడు వేలు పైకి చూపిస్తాడు, వయొలిన్ విద్వాంసుడు తన మైకు పెంచమని సైగ చేస్తాడు, సౌండ్ మనిషి ఒక్కొక్కటీ పెంచుకుంటూ పోతాడు. మూడో కృతి వచ్చేసరికి హాల్లో సౌండ్ మొదట్లో ఉన్నదానికి చాలా పైకి వెళ్లి ఉంటుంది. ఆ సైగల మాటల్లో శ్రోతలకు, ఆటిజం ఉన్నా లేకున్నా, ప్రస్తుతానికి భాగం లేదు.